సోములమ్మ మాట

"ఆ ఆకు బయట పెట్టకు మావా" అంటూ కనక గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

సుక్రు చేతిలో అడ్డాకు, ఆకులో పొగలు పోతున్న సామన్నం, చిక్కుడుకాయ కూర ఉన్నాయి. తమ పోడు చేలో పండిన గింజను మొదటిసారి వండుకున్న రోజది. కొత్త పంట తినే పండగనాడు పోయినవాళ్లకు ఒక ముద్ద పెట్టడం ఆ కొండల మీద అందరూ చేసేదే. కాని సుక్రు పండగకే కాదు, రోజూ పెడతాడు. అంబలి కాచినా, దుంపలు కాల్చినా, మొదటి ముద్ద చచ్చిపోయిన తన మొదటి పెళ్లాం సోములమ్మకే.

"తప్పుకో కనకా. అది ఆకలితో ఉంటాది."

"మరి నాకుండదా ఆకలి?"

"నీకూ పెడతాను."

"నాను అడిగేది కూడు కాదు మావా."

సుక్రు తల దించుకున్నాడు. అతనికి కోపం రాదు. కనకకు అదే మరీ కష్టంగా ఉంది. తిడితే తనూ తిట్టేది. కొడితే తనూ కొట్టేది. దొరలు వేయిస్తున్న లంబసింగి దారి పనిలో మగవాళ్లతో సమానంగా బండలు మోసి, చెయ్యి పట్టుకోబోయిన మేస్త్రీని అందరి ముందూ మట్టితట్టతో బాదిన మనిషి ఆమె. ఎక్కడో అరకు కొండల నుంచి పనికి వచ్చిన ఈ నెమ్మదస్తుణ్ణి చూసి, కొయ్యూరు వైపు ఆడగుంట, తనే ఎదురెళ్లి "నీతో వచ్చేస్తాను" అని చెప్పింది. ఇద్దరూ కలిసి ఈ వాలులో అడవి కొట్టి చేను చేశారు. గుడిసె వేసుకున్నారు. వానలు వచ్చి వెళ్లాయి. సుక్రు మాత్రం ఇంకా అరుగు మీదే పడుకుంటున్నాడు.

"ఆవిడ ఎలాగుండేది? నాకన్నా బాగుండేదా?"

సుక్రు ఆకు అంచులు సర్దాడు. ఎప్పుడడిగినా అంతే, పేరు తప్ప ఇంకేమీ చెప్పడు.

"పోనీ, ఎలాగ పోనాదో అదైనా సెప్పు."

సుక్రు ఆకులోకి చూస్తూ నోరు విప్పాడు. "నన్ను వెట్టికి పట్టుకుపోనారు. ఎనక జొరమొచ్చి అది ఒక్కతే పడుంది. నాను తిరిగొచ్చేసరికి కాల్చీసినారు. మొకం కూడా సూడలేదు. దాన్ని అలాగొగ్గీసి, నీతో సుకంగా ఎలాగుంటాను?"

కనక అతని ముఖం కేసి పరీక్షగా చూసి, పక్కకు తప్పుకుంది.

సుక్రు చూరు కింద బండ మీద ఆకు పెట్టి, దండం పెట్టి లోపలికి వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

కనక జుట్టు విడిపోయి ముఖం మీద పడి ఉంది. భుజాలు ఊగుతున్నాయి. పళ్లు పటపట కొరుకుతోంది.

"సుక్రూ."

ఆ గొంతు కనకది కాదు. సన్నగా, ఎక్కడో లోయలోంచి వస్తున్నట్టు ఉంది. కనక అతన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

"నన్ను పోల్చలేదా సుక్రూ? సోములమ్మని."

సుక్రు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఊగుతున్న ఆ మనిషిని కన్నార్పకుండా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు.

"నా మీద కోపముందా సోములా?"

"కోపమెందుకు? నిన్ను వాళ్లు ఈడ్చుకుపోనారు గాని, నువ్వు నన్ను ఒగ్గీసి పోనావా?"

"ఒక్కదానివీ బయపడినావా?"

ఊగడం ఒక్క క్షణం ఆగింది. "బయపడినాను. నువ్వొస్తావని తలుపు కేసి సూసినాను. రాలేదని తిట్టుకోలేదు. రానిస్తే వచ్చేవోడివే."

సుక్రు వెక్కివెక్కి ఏడ్చాడు. కాష్ఠం దగ్గర బూడిద చూసిన రోజు కూడా అతనికి ఏడుపు రాలేదు.

"రోజూ కూడెట్టి పిలుత్తన్నావు. నాను ఎల్లలేకపోతన్నాను. నా కడుపు నిండిపోనాది సుక్రూ, నన్ను పోనీ. ఈ గుంట నిన్ను నమ్ముకుని వొచ్చింది. దీన్ని సూసుకో."

ఆ మాటతో కనక నిలువునా ఒరిగిపోయింది. తల నేలకు తగలకముందే సుక్రు పట్టుకున్నాడు. ఒళ్లో పడుకోబెట్టుకుని, నీళ్లు చల్లి, ముఖం మీది జుట్టు తీశాడు. ఆమె చెంపలు అప్పటికే తడిగా ఉన్నాయి.

కాసేపటికి కనక కళ్లు తెరిచింది. "ఏటయింది నాకు?"

"సోములమ్మ వచ్చింది."

"ఏటంది?"

"కోపం లేదంది. ఎల్లిపోతానంది."

"ఎల్లిపోయిందా?"

"ఎల్లిపోనాది."

సుక్రు లేచి కుండ తెచ్చాడు. ఒకే ఆకులో ఇద్దరికీ వడ్డించి, మొదటి ముద్ద కనక నోట్లో పెట్టాడు. తను కూడా ఆమెతో పాటే తిన్నాడు. బయట మంచు విడిపోయి చేను మీద ఎండ పడింది. తిన్నాక అతను అరుగు మీది చాప చుట్టి తెచ్చి, లోపల ఆమె చాప పక్కన పెట్టాడు.

కనక అంతా చూస్తూ కూర్చుంది. చివరికి ఉండబట్టలేక అడిగింది. "మంచి మాటే సెప్పిందా మావా ఆవిడ?"

సుక్రు ఆమె పక్కన కూర్చుని, విడిపోయిన జుట్టు తన చేత్తోనే ముడి వేశాడు. ఆ ఇంట్లో అతను నవ్వగా కనక చూడడం అదే మొదలు.

"నాను ఇనాలనుకున్న మాటలన్నీ సెప్పింది" అన్నాడు. "కాని కనకా, సోములమ్మ పుట్టుమూగది."