గుంజకు కుడి పక్క

"బొమ్మకు పోయేది లేదన్న గదా!" కిష్టయ్య కండువా విదిలించి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఎందుకు పోవద్దు? మన లగ్గం కుదిరిన సినిమా. తాండూరుకు మళ్ల ఒచ్చింది. ఊరంత పోతున్నది," అంది ఇంద్రమ్మ.

"పాత బొమ్మ. గీతలు గీతలు పడ్తది."

"నేనేమన్న కొత్తదాన్నా?"

బండల గనిలో అంతమందిని గదమాయించే మేస్త్రీ కిష్టయ్య, ఇంట్లో పెళ్లాం మాటకు ఎక్కువసేపు ఎదురుచెప్పి ఎరగడు. కొంగు పట్టుకుని తిరిగే రకమని జనం నవ్వుతారు. ప్రేమ ఉన్న మాట నిజమే. కానీ ఆ ప్రేమలో సగం భయమని ఎవరికీ తెలియదు.

"హీరో వంటోని వేషమేసుకొని పిల్ల ఇంట్ల దూరుతడు సూడు, ఎడమ చేత్తో గరిటె తిప్పుకుంట... అది మళ్ల సూడాలె."

"కుడి చేత్తో."

"ఎడమ! నాకు మంచిగ యాదున్నది."

"సరే తియ్యి, ఎడమనే," అన్నాడు కిష్టయ్య, అలవాటుగా.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు తాండూరులో మొదటిసారి టెంటు టాకీసు పడింది. ఆడింది ఈ బొమ్మే. అప్పటికే పాత టాకీ. ఇంటికి పోయి పిల్లను చూశాక ఎవరు వద్దన్నా ఇంకొకరికి తలవంపులని, కిష్టయ్య మేనత్త మొగులమ్మ ఒక ఉపాయం పన్నింది.

"రీలు మార్చేటప్పుడు పెట్రోమాక్సు లైటు పెడ్తరు కొడుకా. గప్పుడు పిల్ల నిన్ను సూస్తది. తెర దిక్కు మొగం పెడ్తె నడిమి గుంజకు కుడి పక్క కూసో. పిల్లకు గూడ గదే చెప్పిన."

కిష్టయ్యకు చిన్నతనంలో అమ్మవారు పోసింది. ముఖం నిండా మచ్చలే. ఆ ముఖం చూసి అప్పటికే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. వెంట వచ్చిన స్నేహితుడు పాండురంగం మాత్రం పచ్చని మనిషి, కోరమీసం.

వాళ్లు పోయేసరికే మొదటి రీలు నడుస్తోంది. చీకట్లో ఎక్కడో ఆడవాళ్లు నవ్వుతున్నారు. ఎక్కడున్నారో తల తిప్పి చూసే ధైర్యం కిష్టయ్యకు లేకపోయింది. గుంజ దగ్గరికొచ్చి ఆగాడు. మూడోసారి కూడా వద్దనిపించుకుంటే బతికి దండగ అనిపించింది.

"రంగా, నువ్వు గీడ కూసో," అని స్నేహితుణ్ని కుడి పక్క కూర్చోబెట్టి, తను ఎడమ పక్కకు జరిగాడు.

రీలు ఆగింది, లైటు వెలిగింది. ఎవరో బిందెతో తెరగుడ్డ మీద నీళ్లు చల్లారు. దుమ్ముకేమో అనుకున్నాడు. పాండురంగం మీసం దువ్వుకున్నాడు. తనను చూసేవాళ్లు లేరన్న ధీమాతో కిష్టయ్య అప్పుడే చూసిన గరిటె సీను తలచుకుని తలచుకుని కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

మర్నాడే పిల్ల సరేనందని కబురు వచ్చింది.

పెళ్లిపీటల మీద ఇంద్రమ్మ అతని ముఖం చూసి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతా అనలేదు. ఆ అనకపోవడమే కిష్టయ్యను చెదలా తినేసింది. తాళి పడ్డాక ఆడపిల్ల మాత్రం ఏమంటుంది? మచ్చలు కనబడకుండా రోజూ దీపానికి వీపు పెట్టి తినేవాడు. ఫొటో దిగుదామని ఆమె ఎంత బతిమాలినా దిగలేదు. పాండురంగం ఎప్పుడైనా వస్తే గడప తొక్కకముందే హోటలుకు లాక్కుపోయి చాయ తాగించి పంపేవాడు. ఇప్పుడు ఆ బొమ్మ, ఆ గుంజ చూస్తే ఆమెకు అన్నీ గుర్తుకొస్తాయి. ఆ మీసం కూడా.

అయినా పోక తప్పలేదు.

ఈ టెంటులో మగవాళ్ల పక్కనే తడిక అడ్డం కట్టి, అవతల ఆడవాళ్లను కూర్చోబెట్టారు. ఇంద్రమ్మ తడికకు ఆనుకుని కూర్చుంది. ఇవతల కిష్టయ్య. గరిటె సీను వచ్చింది.

"ఇదేందయ్య, కుడి చేత్తో తిప్పుతున్నడు!" తడిక అవతలి నుంచి ఇంద్రమ్మ గొంతు. చుట్టుపక్కల మగవాళ్లు గొల్లుమన్నారు. కిష్టయ్య నవ్వలేదు.

రీలు ఆగింది. లైటు వెలిగింది. తడిక సందులో ఇంద్రమ్మ కన్ను ఒకటే కనిపిస్తోంది, అతని ముఖం మీదే ఉంది. ఇక కిష్టయ్య వల్ల కాలేదు.

"ఇంద్రా, నువ్వు గా దినం సూసింది నన్ను గాదు. కుడి పక్క రంగాన్ని కూసోబెట్టిన. నేను ఎడమకు జరిగిన. నిన్ను మోసం జేసిన."

అవతల ఇంద్రమ్మ తడికకు ఇంకా దగ్గరగా జరిగింది.

"ఎవలు, గా మీసాలాయననా?" అంది. "ఆయన ఎడమకుండె. కుడికి మచ్చల మొగమాయన ఉండె. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకుంటుండె. గంత మనసార నవ్వేటోని ఇంట్ల నాకు ఏడ్సే పనుండదనుకున్న. గందుకే సరే అన్న. లగ్గమైనంక గా నవ్వు యాడ పోయిందో, మళ్ల కానరాలె. నేనే నచ్చలేదేమో అనుకున్న ఇన్నేండ్లు."

"కాదు ఇంద్రా, నాకు మంచిగ యాదున్నది! కుడికి రంగమే!"

ఇంద్రమ్మ తల తిప్పింది. ఖాళీ తెర వైపు చూసింది. కుడి చేతిని గరిటె తిప్పినట్టు తిప్పింది, మళ్లీ ఎడమ చేతిని తిప్పింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

"ఏందే, చెప్పి నవ్వు!"

లైటు ఆరింది. తడిక సందులోంచి ఆమె వేళ్లు వచ్చి అతని చేయి పట్టుకున్నాయి.

"గప్పుడు ఆడోళ్లం మీకు ఎదురుంగ, గా తడి తెర ఎనక కూసున్నమయ్యా."