అది పసుపేనండి

కాలనీలో అందరికీ ఉన్నట్టే కౌముది చేతికీ మాట్లాడే తొడుగు ఉంది. ఎగ్జిమాతో గోకి గోకి చిట్లిన చర్మాన్ని అది కాపలా కాస్తుంది.

“పచ్చగా ఉంది. క్రిములు చేరి చీము పట్టినట్టుంది. అంబులెన్సు పిలిచాను,” అంది తొడుగు, మళ్లీ.

కౌముదికి ఒళ్లు మండింది. “చీము కాదు, మా అత్తగారు రాసిన పసుపు. ఇకమీదట పచ్చగా కనిపిస్తే నోరు మూసుకో.”

తొడుగు బుద్ధిగా నేర్చుకుంది. ఇక పసుపు రాయొద్దని అత్తగారికీ గట్టిగానే చెప్పింది కౌముది.

కొన్నాళ్లకు చెయ్యి వాచి సలపరం మొదలైంది. తొడుగు తీస్తే పుండు పసుప్పచ్చగా పక్కు కట్టి ఉంది.

“అది పసుపేనండి, కంగారుపడకండి,” అంది తొడుగు.

“అత్తయ్యా, మళ్లీ రాశారా? వద్దన్నానా లేదా?”

“నువ్వు వద్దన్నప్పట్నించీ పసుపు డబ్బా ముట్టుకోలేదమ్మా,” అంది అత్తగారు.