పరీక్షలో అడగని మాట

“పార్సిమోనియస్?” ట్రాన్సిస్టరు కట్టేసి, నిఘంటువు చూస్తూ అడిగాడు గోపాలకృష్ణ.

“పిసినారి. అంటే నువ్వే నాన్నా,” అంది హైమవతి.

మద్రాసు కాలేజీ ప్రవేశపరీక్ష వచ్చే వారమే. అందులో నెగ్గితే తెనాలిలో వాళ్ల వీధి నుంచి కాలేజీకి వెళ్లే మొదటి ఆడపిల్ల ఆమే అవుతుంది. కష్టమైన ఇంగ్లీషు మాటల్ని ఇంట్లోవాళ్లకు తగిలించుకుంటే మరిచిపోవని సలహా ఇచ్చింది గోపాలకృష్ణే. కాబట్టి తర్వాతి మాటకి వెళ్లాడు.

“గ్యారులస్?”

“వాగుడుకాయ. రేపల్లె అత్తయ్య.”

“ఆబ్‌స్టినేట్?”

“మొండివాడు. తాతయ్య.”

లోపలి గదిలో తాతయ్య దగ్గాడు.

“ఇన్‌డిఫాటిగబుల్?”

“అమ్మ.”

పెరట్లో రుబ్బురోలు చప్పుడు ఆగింది. “పిలిచావా?” అంది దుర్గాంబ.

“లేదమ్మా, నీకు పెట్టుకున్న మాట చెప్తున్నా. ఎంత పని చేసినా అలుపు రాని మనిషి అని అర్థం.”

దుర్గాంబ పిండి చేతుల్తోనే గుమ్మంలోకి వచ్చింది.

“తప్పు. పరీక్షలో అట్లా రాయమాకు.”

గోపాలకృష్ణ పుస్తకంలోంచి తలెత్తాడు.

“అలిసిపోయిన మనిషికి ఇంగ్లీషులో మాట లేదటే?” అడిగింది దుర్గాంబ.

“ఉందమ్మా,” అంది హైమవతి. “చాలా తేలిక మాట. అందుకే పరీక్షలో అడగరు.”