ఎలుగుబంటి ఆరబెట్టిన ఇప్పపూలు

దగ్గరికి జరగండి పిల్లలూ, కూర్చోండి.

కట్టెల కోసం కొట్టీ కొట్టీ చెట్లు తరిగిపోతున్నాయని, ఒక అడవిలో జంతువులు మంటలు మానేసి ఇప్పపూలు ఎండలోనే ఆరబెట్టుకుందామనుకున్నాయి. తల్లి ఎలుగుబంటి మాత్రం మధ్యాహ్నమంతా నిద్రపోయి, పొద్దువాలాక పూలు పరిచేది. వానలు దగ్గరపడ్డాయి. కూనల తిండికి దాచాల్సిన పూలు బూజు పట్టసాగాయి.

"ఈ ఎండను నమ్ముకుంటే నా కూనలు పస్తే! మళ్ళీ మంట వేస్తాను" అంది ఎలుగుబంటి.

"ఎండ రోజూ వచ్చిందత్తా, నువ్వే గురక పెడుతున్నావు" అంది ఉడుత.

"మధ్యాహ్నం నిద్ర మా వంశాచారమే పిల్లా!"

"మంటైతే నువ్వు పిలిచినప్పుడు వచ్చేది. ఎండ వచ్చినప్పుడు మనమే లేవాలి."

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎలుగుబంటి ఆవలిస్తూ, ఉడుతను తిట్టుకుంటూ పూలు పరిచింది. సాయంత్రానికి అవి గలగలలాడేలా ఎండాయి. వాటిని గుహలో దాచి, అప్పుడు పడుకుంది కూనల పక్కన.

ఇక లేవండి, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి.