ఎక్కువొచ్చిన ముక్క

గిలకలదిండి రేవులో బోట్ల వైర్‌లెస్ గది చూసుకునేది రోజా. చీకటి పడ్డాక అక్కడి లినక్స్ కంప్యూటర్‌లోకి నెట్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ దింపుతోంది. దింపిన ప్రతిసారీ ఫైలు పాడయ్యే వస్తోంది.

"తుడిచేసి మళ్లీ దింపమ్మా," అన్నారు గుడివాడ నుంచి ఫోన్లో కంప్యూటర్లు బాగుచేసే అనంతకృష్ణ గారు.

"తుడుస్తూనే ఉన్నానండీ. ఉండాల్సిన సైజు కంటే ఎక్కువొస్తోంది."

"అయితే దారిలో ఏదో కలుస్తోందమ్మా."

ఏం కలుస్తోందో చూద్దామని, ఫోన్ పెట్టేశాక ఆ ఎక్కువొచ్చిన ముక్కను విడదీసి స్పీకర్లో పెట్టింది. గరగర. దాని వెనక, ఎక్కడో దూరాన, బోటు ఇంజను.

రేవులో ఏ ఆడమనిషైనా మొగుడి ఇంజను చప్పుడు పొయ్యి దగ్గర్నుంచే పోల్చుకుంటుంది. రోజా మొగుడు గణపతి ఇంజను టకటకల మధ్య ఒక దెబ్బ మింగేస్తుంది. ఇదీ మింగుతోంది. బాగుచేయించమంటే, "ఉండనీవే, నువ్వు గుర్తుపట్టాలిగా" అనేవాడు. పోయినేడు అతనితో సహా తుఫానులో చిక్కిన ఆ బోటుది చెక్కముక్క కూడా దొరకలేదు.

రోజా తుడిచింది. మళ్లీ దింపింది. ఇంజను ఇంకాస్త దగ్గరైంది. మళ్లీ తుడిచింది. ఈసారి అలల చప్పుడు కూడా. "రా మావా, రా" అంటూ దింపుతూనే ఉంది.

చివరికి ఫైలు సరిగ్గా దిగింది. ఎక్కువ ముక్క లేదు. స్పీకర్ మూగబోయింది. రోజాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వినిపించింది, గది వెనక కాలవలోంచి, ఒక దెబ్బ మింగుతూ. వచ్చి గట్టు కింద ఆగింది.

సముద్రం ఆటుకు నీళ్లు తీసేసిన వేళ అది. కాలవలో బురద తప్ప చుక్క నీరు లేదు.

రోజా లేచి తలుపు గడియ తీసింది.