పావుగంట పట్టే క్వెరీ

“ప్రోగ్రాం ఇవాళ కూడా డ్యాష్‌బోర్డుతో కలవలేదా?” కొత్త మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“లేదు,” అన్నాడు ముళ్లకంప.

ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో అతని అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. భార్య పోయినప్పటి నుంచీ ఎవరు పలకరించినా గీసుకుపోయేలా జవాబు చెబుతాడు. వ్యాన్లు నింపించే మేస్త్రి పెట్టిన పేరది. అతికినట్టు సరిపోయింది.

“ఏమంటోంది?”

“తాళంచెవి చెల్లదంటోంది.”

ముళ్లకంప పని ప్రోగ్రాములు రాయడం. నిన్న ఏ దుకాణం నుంచి ఎన్ని బ్రెడ్లు అమ్ముడుపోక తిరిగొచ్చాయో చెప్పే క్వెరీ, అంటే కంప్యూటర్ని అడిగే ప్రశ్న, ఒకటి అమ్మకాల లెక్కలు చూపే డ్యాష్‌బోర్డులో సేవ్ చేసి ఉంది. దాని జవాబు అతని ప్రోగ్రాములోకి ఎక్కితేనే ఇవాళ ఎంత పిండి కలపాలో తేలుతుంది. అందుకని రోజూ పొద్దున్నే డ్యాష్‌బోర్డు చూసుకునే మేడమ్ పైఅంతస్తు నుంచి దిగొచ్చి, అతని కంప్యూటర్లోనే ఆ క్వెరీ నడిపి, జవాబు ఎక్కించి వెళుతుంది.

మనిషితో పని లేకుండా ప్రోగ్రామే వెళ్లి డ్యాష్‌బోర్డుని అడిగి తెచ్చుకునే దారి ఉంది. ఏపీఐ అంటారు. దానికి తాళంచెవిలాగా ఓ పొడవాటి అక్షరాల వరుస ఇస్తారు. అది ప్రోగ్రాములో పెడితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. ఆ దారి కలపమని కొత్త మేనేజరు ముళ్లకంపకి పని అప్పజెప్పాడు.

“శనివారం దాకా చూస్తా. అప్పటికీ కాకపోతే బయటినుంచి మనిషిని పిలిపిస్తా. మరి ఈ కుర్చీలో మీరెందుకని పైవాళ్లు అడిగితే నా దగ్గర జవాబుండదు,” అని మేనేజరు లేచి వెళ్లాడు.

తలుపు దగ్గర మేస్త్రి నవ్వు ఆపుకుంటున్నాడు. “తప్పు చెవిదా అన్నా, తాళానిదా?”

“నీ వ్యాను సంగతి చూసుకో.”

“చూసుకుంటాలే. మేడమ్ దిగే వేళైంది, తల దువ్వుకో.”

తప్పు చెవిదీ కాదు, తాళానిదీ కాదు. ఆ అక్షరాల వరుస చివర ఒక ఖాళీ ఉంది. కాపీ చేసినప్పుడు వెంట అంటుకొచ్చింది. కంప్యూటరుకి ఖాళీ కూడా ఒక అక్షరమే. ముళ్లకంప మొదటిరోజే చూశాడు. తీసేస్తే కలుస్తుందని తెలుసు. తీయలేదు.

కలిస్తే ఆవిడ దిగదు. అంతకు మించి కారణం లేదు.

“జరగండి,” అంటూ వచ్చింది మేడమ్.

“నా కుర్చీలోంచి నన్నే జరగమంటారు.”

“మీదే అయితే కాస్త తుడుచుకోవచ్చుగా. నిండా పిండే.” కూర్చుని స్క్రీను తనవైపు తిప్పుకుంది. “పాత క్వెరీ, బరువెక్కువ. పావుగంటైనా పడుతుంది. కదిలించకండి.”

“నేనేం కదిలించాను?”

“మీ చూపుకే ఆగిపోయేలా ఉంది.”

అతను టీ తెచ్చాడు. రెండు గ్లాసులు.

“రాత్రి ఏం వండుకున్నారు?”

“ఏదో.”

“ఏదో అంటే?”

“గుడ్లు. మాడాయి.”

“పాపం, వాటికో పేరుందిగా. ఏదో అనేశారేంటి?”

అతనికి నవ్వు రాబోయింది. దగ్గుగా మార్చుకున్నాడు. ఇంటికి వెళితే గోడలు. ఫ్యాక్టరీలో ముళ్లకంపతో ఎవరూ పెట్టుకోరు. రోజు మొత్తమ్మీద అతను నోరు తెరిచి నాలుగు మాటలాడేది ఈ పావుగంటే.

శనివారం మేనేజరు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. జవాబు సరిచూడ్డానికి మేడమ్‌ని కూడా పిలిపించాడు. “నా ఎదుటే చేయండి. ఏమవుతుందో చూస్తా.”

ముళ్లకంప కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఉద్యోగం పోతే ఈ కుర్చీ ఉండదు. కుర్చీ లేకపోతే ఆవిడ దిగినా తానుండడు. ఎటు చూసినా పావుగంట పోయేదే. జీతమైనా మిగుల్చుకోవాలి.

వరుస చివర ఖాళీ చెరిపేశాడు. ప్రోగ్రాం నడిపాడు.

రెప్ప వాల్చేలోగా దుకాణాలూ తిరిగొచ్చిన బ్రెడ్లూ తెర నిండా వచ్చి పడ్డాయి. మేడమ్ వంగి చూసి, “సరిగ్గానే ఉంది,” అంది.

“అబ్బో!” మేనేజరు లేచి నిలబడ్డాడు. “పావుగంట పనిని రెప్పపాటుకి దించారే! మీరు నానబెడుతున్నారని ఎంత తిట్టుకున్నానో. మెరుగులు దిద్దుతున్నారన్నమాట!” చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “మేడమ్, ఇక మీకు మెట్లు దిగే బాధ తప్పింది.”

ఆయన పిండి కలిపేవాళ్లకి చెప్పడానికి పరుగెత్తాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

ముళ్లకంప దిగులు కనపడకుండా ఛాతీ విరిచాడు. “చూశారా? మీరు అంతసేపు లాగేదాన్ని నా ప్రోగ్రాం చిటికెలో తెచ్చిపడేసింది.”

“చూశాను.”

“నేను పెద్దగా మార్చిందేం లేదు. అంత వేగం ఎలా వచ్చిందో మరి.”

మేడమ్ మేనేజరు వదిలిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. స్థిమితంగా కూర్చుని, టీ ఏదన్నట్టు చెయ్యి చాపింది.

“ఆ క్వెరీ వేగం మొదట్నుంచీ అంతేనండీ.”