గొళ్ళెం మీది గింజలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ముందు గదిలో కుట్టుమిషను తొక్కుతున్న అమ్మ, డ్యూటీ దిగి వచ్చి కుర్చీలోనే కునుకు తీస్తున్న బస్సు డ్రైవరు మామయ్య, వెనక గదిలో అమ్మమ్మ, బాత్రూము గుమ్మం దగ్గర బ్లీచింగు బకెట్టుతో గువ్వ. పదిహేనేళ్ళ గువ్వకు మాటలు తక్కువ, భయాలు ఎక్కువ. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఆ ఒక్క బాత్రూమే.

గొళ్ళెం చప్పుడైంది. అమ్మమ్మ బయటికి వచ్చింది.

“రెండోసారి,” అంది గువ్వ.

“ఏమిటే రెండోసారి?”

“పొద్దున ఆరున్నరకి ఒకటి. ఇప్పుడు తొమ్మిదింబావు. నీళ్ళలా అయిందా అమ్మమ్మా?”

“ఓసి నీ చాదస్తం మండిపోనూ! నేను దొడ్డికి వెళ్ళొచ్చినా హాజరుపట్టీ వేస్తావా? పో అవతలికి!”

గువ్వ పోలేదు. చిన్న నోటుపుస్తకంలో ఒక గీత గీసి, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. కుళాయి, మగ్గు పిడి, గొళ్ళెం అన్నీ తుడిచి బయటికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి నలభై రోజులైంది. వచ్చేటప్పుడు డాక్టరు చెప్పిన మాటలు గువ్వకు ఒక్కటి కూడా పొల్లు పోకుండా గుర్తున్నాయి. పేగుల్లోని ఆ క్రిమి మందులకు చచ్చినా, దాని స్పోర్లు చావవట. గట్టి పెంకున్న గింజల్లా గొళ్ళేల మీదా కుళాయిల మీదా నెలల తరబడి పడి ఉంటాయట. రెండు నెలలలోపు జబ్బు తిరగబెట్టవచ్చు. ఒక్కరోజులో మూడుసార్లు నీళ్ళలా అయితే వెంటనే ఫోను చెయ్యాలి. “ఇంట్లో పెద్దావిడ ఉన్నారుగా, జాగ్రత్త. ఆ వయసులో ఇది మనిషిని లేవనివ్వదు,” అని కూడా అన్నాడాయన.

అప్పటినుంచి అమ్మమ్మకు కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. వేరు చేసింది గువ్వే.

మామయ్య ఆవులిస్తూ లేచి, బాత్రూముకు వెళ్ళి వచ్చాడు. జేబులోంచి శానిటైజరు సీసా తీసి రెండు చుక్కలు చేతికి రాసుకున్నాడు.

“దానికి అవి చావవు మామయ్యా. సబ్బుతో కడుక్కో.”

“చిత్తం ఇన్‌స్పెక్టరు గారూ! అయినా ఇంకా ఎన్నాళ్ళే ఈ కడుగుడు? అరిగిపోయి గోడలు కూలతాయేమో!”

“ఇంకో ఇరవై రోజులు.”

“అప్పటికి నీ చేతికి తోలు మిగిలితే గొప్పే.”

నిజమే, గువ్వ వేళ్ళు బ్లీచింగుకు తెల్లగా పగిలాయి. ఆమె వాటిని వెనక్కి దాచుకుంది. ఆస్పత్రిలో ఆ పన్నెండు రోజులూ ఆమె కళ్ళ ముందునుంచి కదలవు. చుక్క చుక్కగా దిగే సెలైను, గంటకోసారి మార్చే దుప్పట్లు, మంచం పక్కన నిద్ర లేక గుంటలు పడ్డ అమ్మ కళ్ళు. మళ్ళీ అదంతానా? అందులోనూ అమ్మమ్మ తట్టుకోగలదా? ఏమైనా జరిగితే ఆ పాపం ఎవరిది?

“టిఫిను తిన్నావుటే?” అని మిషను దగ్గరనుంచే అడిగింది అమ్మ.

“ఆకలి లేదు.”

“అక్కడే నిలబడితే ఎలా అవుతుంది? కాసేపు వచ్చి కూర్చో.”

“ఇక్కడ బాగానే ఉంది.”

పదకొండు గంటలకు అమ్మమ్మ పొట్ట పట్టుకుని గబగబా వచ్చింది. గువ్వ గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చింది. లోపలినుంచి వచ్చిన చప్పుడు వింటే సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. గువ్వ పుస్తకంలో ఇంకో గీత గీసింది.

“అమ్మా! మూడోసారి!”

మిషను ఆగిపోయింది. అమ్మ మొహం పాలిపోయింది. “ఒక గండం గడిచి గట్టెక్కాం అనుకుంటే మళ్ళీనా? ఈ జబ్బు మన కొంప వదలదా?” అంటూ ఆస్పత్రికి ఫోను చేసింది.

ఈసారి మామయ్య చెప్పించుకోకుండానే లేచాడు. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

అరగంటలో నర్సు సంచీతో వచ్చింది. ఆస్పత్రిలో రోజూ చూసిన మనిషే. అమ్మమ్మను పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది, జ్వరం చూసింది.

“నిన్న ఏం తిన్నారమ్మా?”

అమ్మమ్మ గోడవైపు తిరిగింది. “తినడానికేముంది…”

“దాచకండి. తర్వాత మీకే కష్టం.”

“ఆముదం తాగాను. నాలుగు రోజులైంది కదలక. చెబితే ఈ పిల్ల దానికీ ఒక పుస్తకం పెడుతుందని చెప్పలేదు.”

“ఎంత తాగారు?”

“చెంచా దొరకలేదు. గ్లాసుతో.”

మామయ్య ఇల్లు అదిరేలా నవ్వాడు. “అమ్మా, అంత తాగితే బస్సు ఇంజనైనా కడుక్కుపోతుందే!”

“నోర్ముయ్యరా!”

“కంగారు లేదు. సాయంత్రానికి సర్దుకుంటుంది. ఈవిడకు ఏ జబ్బూ లేదు,” అంది నర్సు.

అమ్మ దణ్ణం పెట్టుకుంది. గువ్వ మాత్రం నిలబడినచోటే గోడకు జారి కూలబడి, మోకాళ్ళలో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“అయ్యో పిచ్చితల్లీ, ఇంకా ఏడుపెందుకే? బండరాయిలా ఉన్నాను చూడు,” అంది అమ్మమ్మ.

నర్సు నవ్వలేదు. గువ్వ గడ్డం పట్టి తల పైకెత్తి, ఎండిన పెదవులనూ లోతుకు పోయిన కళ్ళనూ చూసింది. ఒళ్ళో ఉన్న నోటుపుస్తకం తీసుకుంది. అమ్మమ్మ పేజీలో మూడు గీతలున్నాయి. పేజీ తిప్పితే, పేరు రాయని పేజీలో ఇవాళ్టి తేదీ కింద ఏడు.

“ఇవెవరివి?”

గువ్వ పుస్తకం లాక్కోబోయింది. మిషను మీద ఆనిన అమ్మ చెయ్యి జారిపోయింది.

“ఆస్పత్రిలో పడుకుని వచ్చిందానివి నువ్వు కదమ్మా,” అంటూ నర్సు ఆమె చేతిలో పరీక్ష సీసా పెట్టి, ఆమెను లోపలికి పంపి బాత్రూము తలుపు మూసింది.